ఎవరికీ కాని పూలు

రెండేళ్ళ కిందట డిసెంబరులో బెంగళూరు నుంచి నగరికి రాత్రి బస్సులో ఒక పూలకుండీ ఒళ్ళో పెట్టుకుని పోయాను. పాయిన్‌సెట్టియా. క్రిస్మస్ ముందు కాఫీ షాపుల్లో, ఆఫీసు రిసెప్షన్ బల్లల మీద ఎర్రగా కనిపిస్తుందే, అది. రోడ్డు పక్క నర్సరీలో రెండువందల యాభై చెప్పాడు, బేరం కూడా ఆడలేదు. నాన్న పోయి అప్పటికి ఏడాదిన్నర. అమ్మ ఒక్కతే ఉంటోంది. ముందుగదిలో ఒకటే కిటికీ, ముసురు పట్టిన రోజుల్లో పగలే లైటు వేసుకోవాలి. ఒక మూల ఎర్రగా ఏదైనా ఉంటే ఇంటికి కొంచెం కళ వస్తుందని నా ఆలోచన.

అమ్మ కుండీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి కోసేటివేనా?"

"కోయకూడదు మా. ఊరికే చూసేదానికి."

"దేవుడికి?"

"వాసన లేదు. తుంచితే పాలు కారతాయి."

"మరి దేనికే పాపా?"

అప్పుడు నవ్వేశాను. కానీ ఆ "దేనికే" నన్ను చాలా రోజులు వదల్లేదు.

మా వైపు పువ్వుకి ఒక చిరునామా ఉంటుంది. తిరుమలకి పోతే తల్లో పూలు పెట్టుకోకూడదు, కొండ మీది ప్రతి పువ్వూ స్వామిదే. ఆయనకి అలంకరించిన పూలను ప్రసాదంగా కూడా పంచరు. గుళ్ళలో వాడిన పూలతో టీటీడీ 2021 నుంచి అగరొత్తులు చేయిస్తోంది, అంటే వాడినాక కూడా పువ్వుకి ఒక పని ఉంది. ఆడికృత్తికకి మా ఊరివాళ్ళు పూల కావళ్ళు ఎత్తుకుని తిరుత్తణి పోతారు. ధనుర్మాసంలో గుమ్మడిపువ్వు గొబ్బెమ్మ నెత్తిన కూర్చుంటుంది. మా వీధిలో సగం ఇళ్ళలో దాన్ని మార్గళి అంటారు, ముగ్గు మాత్రం ఒకటే. డిసెంబరు పూలు ఆడపిల్లల జడల్లోకి పోతాయి. వాసన లేకపోయినా ఆ లేత ఊదా రంగు కోసం మూరలు మూరలు కొంటారు. ఇవేవీ ఇంటి కోసం పూసిన పూలు కావు. ఇల్లు అనేది పువ్వు గుండా పోయే దారి, అంతే.

చలికాలంలో ఇంట్లో పూలకుండీ పెట్టుకోవడమనే అలవాటు మనది కాదని చెప్పడం తేలిక. కోపెన్‌హాగెన్‌లో డిసెంబరు చివర పగలంటే ఏడు గంటలే. బయట మోళ్ళు, లోపల దీపాలు. అక్కడ కిటికీలో ఒక కలాంచో, ఒక ఆర్కిడ్ పెట్టుకోవడం దాదాపు వైద్యం. నగరిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటల పైనే. పైగా చామంతి, బంతి, డిసెంబరు పూలు, గుమ్మడి అన్నీ విరగబూసే కాలమే అది. ఈ ఊళ్ళో చలికాలానికి వెలుగు అరువు తేవడమేమిటి?

అయితే ఈ వాదన రెండడుగులు కూడా నడవదు. గొబ్బెమ్మ మీది గుమ్మడి అమెరికా ఖండాల నుంచి వచ్చింది. గుమ్మానికి కట్టే బంతి, పెళ్ళి దండల్లో లిల్లీ అని కట్టే నేలసంపెంగ రెండూ మెక్సికోవే. పాయిన్‌సెట్టియాది కూడా అదే మెక్సికో. బంతికీ దీనికీ సొంతూరు ఒకటే. ఒకదానికి మనం చిరునామా ఇచ్చాం, రెండోదానికి ఇవ్వలేదు. కాబట్టి పరాయి మొక్క అనే అభ్యంతరాన్ని నేను వదిలేశాను.

వదల్లేకపోయింది ఇంకొకటి. ఆ మొక్కని ఆ రూపంలోకి ఎలా తెస్తారో చదివాక మొదలైంది.

ముందు, మనం పువ్వనుకునే ఎరుపు పువ్వు కాదు, ఆకులే. అసలు పూలు మధ్యలో మిరియపు గింజలంత, పసుపుపచ్చగా, ఎవరూ చూడనట్టు ఉంటాయి. మన జెముడు కుటుంబం మొక్క, అందుకే ఆ పాలు. సొంత నేలలో మనిషిని మించి, పది అడుగుల దాకా పెరిగే పొద ఇది. జానెడు కుండీలో గుబురుగా ఉండటానికి నర్సరీల్లో ఎదుగుదల ఆపే మందులు వాడతారు. ఆ గుబురు కొమ్మల వెనక ఇంకో సంగతి ఉందని 1990ల చివర్లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకడం వల్ల మొక్క అలా కొమ్మలేస్తుంది. ఆరోగ్యంగా ఉంటే పొడుగ్గా, పలచగా పోతుంది, అమ్ముడుపోదు. అందుకని అంటు కట్టి మరీ ఆ జబ్బుని ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎక్కిస్తారు. నువ్వుచేలో పూలన్నీ ఆకులైపోతే వెర్రి తెగులని మన రైతులు తల పట్టుకుంటారే, అది తెచ్చేదీ ఈ జాతి సూక్ష్మజీవే. చేలో తెగులు, కుండీలో అందం.

పేరు సంగతి కూడా అంతే. ఆజ్‌టెక్‌లకి ఇది రంగు ఇచ్చే మొక్క, పాలు జ్వరానికి మందు. వాళ్ళ భాషలో దానికి పేరూ ఉంది. 1820ల చివర్లో మెక్సికోలో అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ దీన్ని తన దేశానికి పంపాడు, పేరు ఆయనదైంది. ఆయనే తర్వాత యుద్ధ మంత్రిగా ఉన్నప్పుడు చెరోకీ ప్రజల్ని వాళ్ళ నేల నుంచి వెళ్ళగొట్టారు. పువ్వు మీద ఈ నేరం మోపడం అన్యాయమే, ఊరికే గుర్తొచ్చింది.

ఇక చీకటి. రోజుకి దాదాపు పద్నాలుగు గంటల తెగని చీకటి, రెండు నెలల పాటు ఇస్తేనే ఆకులు బాగా ఎర్రబడతాయి. గ్రీన్‌హౌసుల్లో సాయంత్రానికే నల్లగుడ్డ కప్పేస్తారు. చామంతిదీ ఇదే స్వభావం, రాత్రి పొడుగైతేనే మొగ్గ వేస్తుంది. దానికి మనవాళ్ళు తిరకాసు పని చేస్తారు. ఆ రాత్రి బస్సు కోలారు చేల పక్కన పోతుంటే చేను మీద తీగలకి వరసగా బల్బులు వెలుగుతున్నాయి. పెళ్ళేదో జరుగుతోందనుకుంటారు తెలియనివాళ్ళు. రాత్రిని విరగ్గొట్టి, ఇంకా పూసే కాలం రాలేదని మొక్కని నమ్మించి, పండగ ధరకి సరిపోయేట్టు పూత వాయిదా వేయడమది. ఒకదానికి చీకటి కప్పి, ఇంకోదానికి వెలుతురు పోసి, రెండింటినీ మన తేదీకి రప్పిస్తున్నాం.

మొక్కకి నొప్పి ఉందని నేను అనడం లేదు. అలా అంటే సాంబారులో ముల్లంగి కూడా వేయలేను. నన్ను పట్టి లాగింది వేరే. ఎరుపు ఉన్నన్నాళ్ళే మనకి మొక్క కావాలి. జనవరి రెండో వారంలో మా అపార్టుమెంటు చెత్తకుప్పలో కుండీలతో సహా పాయిన్‌సెట్టియాలు పడుంటాయి. చచ్చినవి కావు, ఆకులు రాలినవి. నేను ఇంటికి తెచ్చుకున్నది మొక్కనా, దాని మూడు వారాలనా? మూడు వారాలనే అయితే, మనుషుల దగ్గర కూడా నేను ఇలాగే ఉన్నానా?

అమ్మ "దేనికే"కి జవాబు కాంట్ దగ్గర ఉంది. పని లేకుండా, దేనికీ చెందకుండా నచ్చే అందానికి ఆయన 1790లో ఇచ్చిన మొదటి ఉదాహరణల్లో పువ్వు ఒకటి. కాలేజీలో చదివినప్పుడు గొప్పగా అనిపించింది. ఇప్పుడనిపిస్తుంది, జడలో పువ్వు పెట్టుకోవాలా వద్దా అన్నది ఎవరూ ఎప్పుడూ నిర్ణయించని మనిషి కాబట్టి ఆయన అంత నిశ్చింతగా రాయగలిగాడని. పువ్వుకి చిరునామా ఉండటం అందంగానే ఉంటుంది, మన పేరు ఆ చిరునామాలో ఉన్నంతవరకు.

అమ్మ పేరు పదకొండో రోజున కొట్టేశారు. పెరట్లో డిసెంబరు పూల చెట్టు ఆమె పెట్టిందే. ఇప్పటికీ ఆమే కోస్తుంది, కట్టి వీధిలో పిల్లలకి ఇస్తుంది. ఎవరైనా పూలు తెస్తే అక్కడున్న ఆడవాళ్ళందరికీ తుంచి ఇస్తూ ఆమె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పక్కకి పోతుంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వద్దని ఆమెకి ఎవరూ చెప్పలేదు కూడా. ఇక్కడ నా సంగతి దాచి లాభం లేదు. నాన్న పోయిన తర్వాతి ఎండాకాలం నేను మల్లెపూలు తెచ్చి అత్తకీ పిన్నికీ మూరెడు మూరెడు తుంచి ఇచ్చి, మిగిలింది నేను పెట్టుకున్నాను. ఆ పది నిమిషాలూ అమ్మ ఎదురుగానే కూర్చుని ఉంది. పెరియార్ మీద ఆఫీసులో వాదించే దాన్ని నేను.

కుండీ తెచ్చిన మూడో రోజు పక్కింటామె వచ్చి, ఎంత బాగుందో, ఒక కొమ్మ ఇమ్మంది. ఎప్పుడూ ఎవరికీ లేదనని మా అమ్మ "ఇది కోసేది కాదు, మా పాప నాకు తెచ్చింది" అంది. ఆ "నాకు" అన్న మాట నేను వంటింట్లోంచి విన్నాను. దేవుడు అడగని, జడకి పనికిరాని పువ్వు. దాని విషయంలో ఏ శాస్త్రమూ ఏమీ చెప్పలేదు, కాబట్టి ఆమె దగ్గర ఉండొచ్చు. ఇన్నాళ్ళూ నేను తప్పుపట్టింది ఇలా ఎక్కడికీ పోకుండా ఉండటాన్నే. మందులు, జబ్బు, నల్లగుడ్డ, చెత్తకుప్ప మీద నా అభ్యంతరాలు అలాగే ఉన్నాయి. వాటి పక్కన ఇది కూడా ఉంది. రెండూ కలిపి ఒక లెక్క తేల్చడం నాకు చేతకాలేదు.

సంక్రాంతి దాటాక ఎర్రాకులు రాలిపోయాయి. అమ్మ పారెయ్యలేదు. తొట్టి పక్కన పెట్టింది. వానలకి అది నడుమెత్తు అయింది, నిండా పచ్చగా. అక్టోబరులో నేనే ఫోన్ చేసి చీకటి సంగతి చెప్పాను. ఎదురింట్లో మరమగ్గాలు, రాత్రంతా ట్యూబులైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఆ వెలుతురు మా పెరట్లో సగం దాకా పడుతుంది. కప్పకపోతే ఎర్రబడదన్నాను. పెద్ద గంప ఒకటి తెప్పించి, పైన పాత చీర కప్పి, సాయంత్రం ఐదుకి మూయడం, పొద్దున ఏడుకి తీయడం మొదలుపెట్టింది. రోజూ ఫోన్లో అదే కబురు.

పన్నెండో రోజో, పదమూడో రోజో, "మానేసినానే" అంది.

"ఎందుకు మా? ఇంకో నెలన్నర చాలు కదా."

"నన్నూ ఇట్లే కూర్చోబెట్టినారు పాపా, మూలగదిలో, పదకొండు దినాలు. సాయంత్రమైతే చీర కప్పేదానికి చెయ్యి రాలేదు."

మొక్కకి అది వేరు, దాని స్వభావమే అంత, చీకటి దానికి శిక్ష కాదు అని చెప్పాలనుకున్నాను. అదంతా నిజమే. చెప్పలేదు.

మొన్న ధనుర్మాసంలో పోయాను. వాకిట్లో గొబ్బెమ్మలు, గుమ్మడిపూలు. తొట్టి పక్కన మొక్క నా భుజం దాకా ఉంది, ఒక్క ఆకు కూడా ఎర్రబడలేదు. ఎదురింటామె ఏమే, పోయినసారి లాగా పూయలేదే అని అడిగితే, "ఉండాది గదా, అదే చాలు" అంది అమ్మ. నేను బస్టాండులో డిసెంబరు పూలు నాలుగు మూరలు కొన్నాను. అరటాకులో చుట్టించి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను. ఎవరికని అమ్మ అడగలేదు. నేనూ తుంచలేదు. రాత్రి పడుకునే ముందు ఆమె పొట్లం మీద కొంచెం నీళ్ళు చల్లి ఫ్రిజ్‌లో పెట్టింది.