బండ వయసు, ఇసుక వయసు

హైదరాబాదులోని తార్నాక, హబ్సిగూడ పిల్లలు అమెరికా చేరి కాస్త కుదురుకోగానే కారు అద్దెకు తీసుకుని ఎడారి దారి పడతారు. గ్రాండ్ కాన్యన్ అంచు, మాన్యుమెంట్ వ్యాలీలో ఎర్రటి రాతి శిఖరాలు, డెత్ వ్యాలీలో ఇసుక తిన్నెలు వరసగా వాట్సాప్‌లో దిగుతాయి. ఆ ఫొటోలు చూస్తే నాకు సంతోషం. రోజువారీ లెక్కలు పక్కనబెట్టి, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదాని ఎదుట కాసేపు నిలబడాలనుకోవడం మనిషికి ఉండాల్సిన కోరికే. అలా నిలబడ్డప్పుడు మనం ఏం చూస్తున్నామన్నదే చాన్నాళ్లుగా నన్ను వదలని ప్రశ్న.

ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున నడకకు వచ్చేవాళ్లు రోజూ దాటిపోయే గ్రానైట్ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గోడల్లో ఉన్నదీ ఈ నేల గ్రానైటే. గ్రాండ్ కాన్యన్ అడుగున కొలరాడో నది ఒరుసుకుపోయే అతి పాత రాయికి దాదాపు 184 కోట్ల ఏళ్లు. ప్రాచీనతలో మన గుండే పెద్దది. అక్కడ అదనంగా దొరికేది, ఆగి చూసే తీరిక.

ఆ తీరిక ఉంటే మన దారుల్లోనూ చూడాల్సింది చాలా ఉంది. కర్నూలు దాటి ఓర్వకల్లు రాళ్లు, మూడు కిలోమీటర్లకు పైగా భూమి లోపలికి సాగే బెలుం గుహలు, ఆ తర్వాత గండికోట. ఎర్రమల కొండలను కోసుకుంటూ కింద పెన్న పారుతుంటుంది. ఆ అంచున నిలబడితే మన ఆయుష్షు ఎంత చిన్నదో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆ లోయకు కర్త కాలమే. అక్కడ మనం చేయగలిగింది విస్మయపడటం, నమస్కరించడం.

అదే రాయలసీమలో, అనంతపురం జిల్లా పడమటి అంచున, బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గర అచ్చం థార్ ఎడారిలాంటి ఇసుక దిబ్బలున్నాయి. సాయంత్రం వెలుగులో ఎంతో అందంగా ఉంటాయి. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని ఆపేయడంతో ఈ జిల్లాకు ఏడాదికి దక్కే సగటు వాన 550 మిల్లీమీటర్ల దాపున. వేదవతి నది, అక్కడివాళ్ల హగరి, ఏడాదిలో చాలాకాలం ఎండిపోయే ఉంటుంది. ఎగువన కర్ణాటకలో వందేళ్ల కిందటే వాణీ విలాస సాగరం ఆనకట్ట కట్టారు, ఆ తర్వాత మనవైపు భైరవానితిప్ప జలాశయం వచ్చింది. కింద మిగిలిన ఇసుకను నైరుతి కాలపు గాలి ఎత్తుకొచ్చి పొలాల మీద పోస్తుంది. దిబ్బను చూసి నేను మురిసిపోతుంటే పక్కనున్న రైతు అన్నాడు: “పోయినేడు ట్రాక్టర్లు పెట్టి తోలిస్తిమి సార్, మళ్లా వచ్చె.” ఆయన చూపిస్తున్నది తన వేరుశనగ చేను.

ఫొటోలో గండికోటా హొన్నూరూ ఒకే రకం అందంగా కనిపిస్తాయి. ఒకటి కోట్ల ఏళ్ల పని. రెండోది మనవలకూ మిగలబోయే కష్టం, అందులో మనుషుల చేయీ ఉంది. మొదటిదాని ముందు విస్మయం చాలు. రెండోదాని ముందు విస్మయంతో ఆగిపోతే, ఒకరి నష్టాన్ని మనం దృశ్యంగా వాడుకున్నట్టే. హైదరాబాదులో ప్లాట్ల కోసం మందుగుండు పెట్టి పేల్చేస్తున్న బండలదీ ఇదే పాఠం. 250 కోట్ల ఏళ్లు నిలిచినది మన కళ్లముందు ఒక్క పూటలో కంకరవుతోంది.

అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌ నవాహో జాతి భూమిలో ఉంది. గైడు వెంట లేకుండా దాన్ని చూడనివ్వరు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. ఏ నేలనైనా అక్కడ బతికేవాళ్ల మాట వింటూ చూడటమే సరైన మర్యాద. కనుక పిల్లలు తప్పకుండా వెళ్లాలి, దూరాలు తిరగాలి. అంచున నిలబడ్డ ప్రతిచోటా రెండు మాటలు అడగాలి: దీన్ని చేసింది కాలమా, మనమా? ఇక్కడ ఎవరు బతుకుతున్నారు? మొదటిదానికి జవాబు “మనమే” అని వచ్చినచోట యాత్ర ముగియదు, పని మొదలవుతుంది.