చందనం కింద కోపం

ఆషాఢ పౌర్ణమి ముందురోజు రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోరు. సింహాచలం కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, కంచరపాలెం, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికి చేరేసరికి తెల్లారుతుంది. 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ, చెప్పుల్లేకుండా. ప్రతిసారీ ఏదో ఒక మొక్కు ఉండేది నాకు. పరీక్ష, పెళ్లి, పాపకి జ్వరం, మా ఆయన ఆపరేషన్. కొండ మీది నరసింహుడైన అప్పన్న చుట్టూ తిరగడమే నాకు తెలిసిన భక్తి.

నిరసన ఊరేగింపులు మాత్రం పడేవి కావు. నడిరోడ్డు మీద పిడికిలెత్తి అరిస్తే లోపల కోపం పెరుగుతుందనీ, కోపం పెరిగిన చోట దేవుడు నిలవడనీ నా నమ్మకం. బళ్లో తెలుగు చెప్పినన్నాళ్లూ పిల్లలకీ అదే చెప్పాను.

2021 జనవరి చివర్లో విశాఖ ఉక్కు కర్మాగారంలో తన వాటా మొత్తం అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది. మా నాన్న పొలం ఆ కర్మాగారం కింద ఉంది. ఆయన అందులోనే పనిచేసి రిటైరయ్యారు. ఆ భూమి గురించి ఏనాడూ ‘పోయింది’ అనలేదు, ‘ఇచ్చాం’ అనేవారు. ఫిబ్రవరిలో కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. ఒక ఆదివారం గాజువాక నుంచి ఆ శిబిరం దాకా నడుస్తున్నారని తెలిసి, “నా కాళ్లు సాగవు, నా బదులు నువ్వెళ్లు తల్లీ” అన్నారు నాన్న. ఆయన నన్ను అడిగింది తక్కువ. వెళ్లాను.

మొదటి అరగంట నోరు పెగల్లేదు. ముందున్న కుర్రాడు “విశాఖ ఉక్కు” అని ఎత్తుకుంటే వెనకవాళ్లు “ఆంధ్రుల హక్కు” అని అందుకుంటున్నారు. ఆ ఎత్తుకోవడం, అందుకోవడం ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. మా వీధి రామకోవెల్లో చెక్కభజన! ఒకరు పల్లవి వేస్తే పదిమంది అందుకుంటారు, ఎవరి గొంతు ఎవరిదో తెలీకుండా పోతుంది. రోడ్డు పక్కన గిరిప్రదక్షిణలో ఇచ్చినట్టే మజ్జిగ ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు ఇస్తున్నారు. పోలీసులు ఒక వారన నిలబడ్డారు. ఎవరూ ఎవరి మీదికీ పోలేదు.

నా పక్కన చేపలమ్ముకునే ఒకామె ఖాళీ గంపను చంకలో పెట్టుకుని నడుస్తోంది. “ఫ్యాక్టరీలో మీవాళ్లెవరమ్మా?” అని అడిగాను.

“మావోలు ఎవులూ నేరమ్మా. అరవయ్యారులో మా అయ్య కూడా ఇలాగే నడిసీవోడట. అతగాడికీ ఉజ్జోగం రానేదు.”

1966లో ఆ కర్మాగారం కోసం జరిగిన ఉద్యమంలో, పోలీసు కాల్పుల్లో 32 మంది చనిపోయారు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ 32 మందిలో ఒక్కరూ ఆ రాయిని చూడలేదు. ఈ మాట తలకెక్కాక నాకు నడక కష్టమైంది. ఇన్నేళ్లూ నేను కొండ చుట్టూ తిరిగింది నా పాప కోసం, నా ఇంటి కోసం. ఈ మనిషి తనకు ఏమీ రాని దానికోసం నడుస్తోంది. ఏది భక్తి?

సాయంత్రం శిబిరం దగ్గర పాటలు. మైకు సరిగ్గా లేదు. డప్పులు, కాళ్లకు గజ్జెలు, భుజాన గొంగళ్లు వేసుకున్న ఆరుగురు కళాకారులు. వంగపండు ప్రసాదరావు పాటలు ఎక్కువగా పాడారు. ఆయన పార్వతీపురం దగ్గరివాడు, మా ఉత్తరాంధ్ర యాసనే పాటగా కట్టినవాడు. ఈ పోరాటం మొదలయ్యే ఆర్నెల్ల ముందే, 2020 ఆగస్టులో పోయాడు. పొద్దున్నుంచీ అరిచి బొంగురుపోయిన గొంతులు ఆ పాటల్లో కలిశాయి. ముసలివాళ్లు లేచి అడుగులు వేశారు. నవ్వులు వినిపించాయి. పగలంతా ఉన్న కోపం ఎక్కడికీ పోలేదు, కానీ దాని మంట దిగింది.

అక్కడ కూర్చునే అప్పన్నను తలుచుకున్నాను. సింహాచలంలో స్వామి ఏడాదంతా చందనం కిందే ఉంటాడు. అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూప దర్శనం. ఉగ్రరూపాన్ని చల్లబరచడానికే ఆ పూత అని చిన్నప్పటి నుంచీ విన్నాను. చల్లబరుస్తారు గానీ లేకుండా చేయరు. నేను ఇన్నాళ్లూ చందనాన్నే దేవుడనుకున్నాను.

ఆ కోపం పుట్టింది ఎవరికోసం? ఒక పిల్లాడి కోసం. ప్రహ్లాదుడు కర్ర పట్టలేదు, రాయి విసరలేదు. రాజు అనమన్న మాట అనలేదు, అంతే. అతన్ని ఈ కొండ మీంచే సముద్రంలోకి తోశారని మా స్థలపురాణం. హిరణ్యకశిపుణ్ణి చంపాక నరసింహుడి దగ్గరికి వెళ్లడానికి లక్ష్మీదేవే జంకితే, ఆ పిల్లాడే వెళ్లి స్తుతించాడు. ఆ కోపాన్ని దించింది పాటే.

భాగవతం ఏడో స్కంధంలో ఆ స్తుతిని నేను ఎన్నోసార్లు చదివాను, ఒక చోట ఆగకుండా దాటిపోయాను. మునులు తమ మోక్షం కోసం అడవుల్లో మౌనంగా ఉంటారు, ఈ దీనులందరినీ వదిలి నేనొక్కణ్ణీ ముక్తి కోరను అంటాడక్కడ ప్రహ్లాదుడు. వరం కోరుకోమంటే, ప్రతిఫలం కోసం కొలిచేవాడు సేవకుడు కాడు, వర్తకుడు అంటాడు. మొక్కుల చిట్టా పట్టుకుని కొండ చుట్టూ తిరిగిన నాకు ఆ రాత్రి ఆ మాట సూటిగా తగిలింది.

మొక్కుకోవడం తప్పని అనను. జ్వరంతో పడుకున్న బిడ్డ తల్లికి అప్పన్న కాక ఎవరు దిక్కు? కానీ ఒంటరిగా అడిగే మొర ప్రార్థన అయితే, వెయ్యిమంది కలిసి, ఎవరికీ దెబ్బ తగలకుండా అడిగే మొర కూడా ప్రార్థనే. కోపం ఉన్నంత మాత్రాన అది మైల పడదు. ఇది నా తీర్పు. పిల్లలకు నేను తప్పు చెప్పాను.

ఇంటికొచ్చి నాన్నకు అన్నీ చెప్పాను. ఆ చేపలమ్ముకునే ఆమె పేరేమిటని అడిగారు. నేను కనుక్కోలేదు. ఆ తర్వాత గిరిప్రదక్షిణకు వెళ్లినప్పుడు తొలిపావంచా దగ్గర మొదటి కాయ పేరు తెలియని ఆమె కోసం కొట్టాను. నాకోసం రెండో కాయ తీసుకెళ్లలేదు.