అలసట యెరుగని స్నేహితుడు

ధ్యానభాగములు: మార్కు 1:29-31, మార్కు 7:9-13, లూకా 10:25-37, యోహాను 19:25-27



మన పల్లెలనుండి పట్నమునకు పోయిన పిల్లలలో అనేకులు నేడు హైదరాబాదులోని మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములయందు పని చేయుచున్నారు. 1998వ సంవత్సరము నవంబరులో అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు అచ్చట సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. ఆ చోటనే హైటెక్ సిటీ పెరిగినది. 2017వ సంవత్సరము నవంబరు 28వ తేదీన ఆ ప్రాంతములోనే జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సభలో ఒక మరమనిషి వేదికమీదికి వచ్చి, ప్రధానమంత్రి మోదీగారిని, అమెరికానుండి వచ్చిన ఇవాంకా ట్రంప్‌గారిని పలుకరించెను. దానిని తయారుచేసినది బెంగళూరు సంస్థ. వారు దానికి పెట్టిన పేరు 'మిత్ర', అనగా స్నేహితుడు.

ఆ పేరునుగూర్చి నేను ఎన్నడును ఆలోచింపలేదు. ఇటీవల ఒక అవ్వ నన్ను ఆలోచింపజేసెను.

ఆమె మన సంఘములోనే ముసలిదైనది. భర్త ప్రభువునందు నిద్రించిన తరువాత కుమారుడు ఆమెను గచ్చిబౌలిలోని తన యింటికి తీసికొనిపోయెను. అతడు మంచి కుమారుడు. అయితే అతడును కోడలును ఉదయము పోయి రాత్రికి వచ్చుదురు. ఇల్లు పన్నెండవ అంతస్తులో నున్నది. నేను పోయినప్పుడు ఆమె మంచముమీద కూర్చుండి ఫోనుతో మాటలాడుచుండెను. అవతల మనుష్యుడెవడును లేడు. తెలుగులో అడిగిన తెలుగులోనే బదులిచ్చు కంప్యూటరు గొంతు అది. "అవ్వా, అది యంత్రము గదా" అంటిని. ఆమె నవ్వి, "నాకెరుకే అయ్యగారూ. గని గోలీ ఏసుకున్నవా అని యాళ్లకు అడుగుతది. చెప్పిందే చెప్పినా ఇసుక్కోదు. మీరొచ్చి ఏడాదాయె గదా" అనెను.

యంత్రమును తప్పుపట్టబోయి నేనే తప్పుపట్టబడితిని.

రోగులకును వృద్ధులకును తోడుగా నుండు పనిని మరమనిషికి అప్పగింపవచ్చునా? ఈ ప్రశ్న పెద్ద చదువులవారిది మాత్రమే కాదు. మన పిల్లలు ఆ యంత్రములను కొనుచున్నారు. వారి తలిదండ్రులు మన సంఘములలో నున్నారు.

మొదట యంత్రముల మేలును ఒప్పుకొందము. మంచముపట్టిన అత్తను దినమునకు అనేక మారులు లేవనెత్తు కోడలి నడుమునొప్పి ఎట్టిదో మనకు తెలియును. జపాను దేశములో రికెన్ అను పరిశోధన సంస్థవారు 2015లో ఎలుగుబంటి ముఖముగల ఒక మరయంత్రమును చేసి చూపిరి. రోగిని రెండు చేతులతో ఎత్తి మంచమునుండి చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టుటకు దానిని ప్రయోగముగా చేసిరి. ఆ దేశమందే 2005నుండి 'పారో' అను బొమ్మ అమ్మబడుచున్నది. అది సీల్ అను సముద్రజంతువు పిల్లవలె నుండును. నిమిరిన కదలి, మూలుగును. మతిమరుపు వ్యాధిగల పెద్దలు దానిని ఒడిలో పెట్టుకొని నెమ్మది పొందుచున్నారు. 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు, బంధువులకు లోపలికి ప్రవేశము లేని కాలములో, నోయిడాలోని ఒక ఆసుపత్రిలో ఆ 'మిత్ర' యంత్రమే రోగుల మంచములయొద్దకు పోయి, ఇంటివారి ముఖములను తెరమీద చూపి, మాటలను వినిపించెను. దీనిని చెడ్డదని ఎవడు చెప్పగలడు?

అయినను ఒక హెచ్చరిక అరువది సంవత్సరముల క్రిందటనే వచ్చెను. 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బౌమ్ అను ఆచార్యుడు కంప్యూటరుతో సంభాషించు ఒక ఏర్పాటును ప్రకటించెను. దాని పేరు ఎలైజా. మనము చెప్పిన మాటనే త్రిప్పి ప్రశ్నగా అడుగుటయే దాని పని. దానికి ఏమియు అర్థము కాదు. అది ఎట్లు పనిచేయుచున్నదో ఎరిగిన ఆయన కార్యదర్శియే, దానితో మాటలాడుచు, తాను ఒంటరిగా మాటలాడుటకు ఆయనను గది విడిచి పొమ్మని కోరెను. ఆయన దిగులుపడెను. తరువాత 1976లో ఒక గ్రంథము వ్రాసి, కంప్యూటరు చేయగలిగినను దానికి అప్పగింపకూడని పనులు కొన్ని కలవని వాదించెను.

అప్పగింపకూడని ఆ పని యేది? విసుగుకొను మనుష్యునికంటె విసుగుకొనని యంత్రమే మేలని కొందరందురు. అవ్వ మాట కూడ అదే గదా. నిజమే, యంత్రమునకు విసుగు లేదు. కాని విసుగు లేని చోట ఓర్పును లేదు. రాత్రి అలసివచ్చిన కుమారుడు పది నిమిషములు తల్లియొద్ద కూర్చుండినయెడల, ఆ పది నిమిషములు అతని నిద్రలోనుండి తీసి యిచ్చినవి. ఆమె దానిని ఎరుగును. యంత్రము ఎన్ని గంటలు పలికినను దాని సొమ్ములోనుండి ఏమియు ఇయ్యదు. దానికి సొమ్మే లేదు.

ఇంకొక సంగతి నేను సెలవు తీసికొనునప్పుడు చూచితిని. అవ్వ వణకుచున్న చేతులతో నాకు టీ కాచి యిచ్చెను. అన్నము తిన్నారా యని అడిగెను. నా పిల్లల పేరు పేరున ప్రార్థన చేసెను. అప్పుడు ఆమె ముఖము వేరుగా నుండెను. ఆ యంత్రమునకు ఆమె ఏమి పెట్టగలదు? దానికి ఆకలి లేదు, దుఃఖము లేదు, ప్రార్థన అక్కర లేదు. ఏమియు అక్కర లేని తోడు మనుష్యుని పుచ్చుకొనువానిగా మాత్రమే చేయును. పేతురు అత్త జ్వరముతో పడియున్నప్పుడు ప్రభువు ఆమె చెయ్యి పట్టి లేపెను. ఆమె లేచి వారికి ఉపచారము చేసెను. స్వస్థత అక్కడ పూర్తియాయెను. ముసలివారికి సేవ కావలెను, సేవచేయుటయు కావలెను.

అట్లయిన యంత్రమును పారవేయుదమా? సమరయుని చూడుడి. గాయపడినవానిని అతడు మోసినది తన వాహనముమీదనే. పూటకూళ్లవానికి సొమ్ము కూడ ఇచ్చెను. సాధనములను వాడుట తప్పు కాదు. అయితే అతడు మొదట తానే దిగి, తన చేతులతో గాయములు కట్టెను. తిరిగి వచ్చెదనని చెప్పెను. ఆ పశువు మోసినది, పొరుగువాడైనది మాత్రము సమరయుడు. మన తెలంగాణలో 1915లో డిచ్‌పల్లియందు డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు కుష్ఠురోగులకొరకు ఆసుపత్రిని స్థాపించినప్పుడు, హిందువైన నర్సా గౌడుగారు ద్రవ్యసహాయము చేసిరి. నూనెతో చేసిన సూదిమందు రోగులకు ఉపశమనమిచ్చెను. ఆ ద్రవ్యమును మందును గొప్పవే. కాని ఊరు వెలివేసినవారియొద్దకు ఒక మనిషి నడచి వచ్చుట అన్నిటికి ముందు జరిగినది.

ప్రభువు గద్దించిన రెండవ మార్గము కొర్బాను. తలిదండ్రులకు ఇయ్యవలసినదానిని దేవునికి అర్పించితినని చెప్పి, ఆ పేరున వారిని విడిచిపెట్టుట. ఆ కానుక చెడ్డది కాదు. దానిని సాకుగా చేసికొనుటయే పాపము. ఒకే యంత్రము ఒక యింట సమరయుని పశువగును, మరియొక యింట కొర్బాను అగును. "అమ్మకు అన్నియు అమర్చితిని" అను మాట రెండు యిండ్లలోను వినబడును. ఆ మాట పలికినవాడు తరువాత అమ్మయొద్ద కూర్చుండునా, లేచి పోవునా అనుటయే భేదము.

దూరదేశములలో నున్న పిల్లలు, మేమేమి చేయుదుమని అడుగుదురు. సిలువమీద ప్రభువునకు చేతులు మేకులతో కొట్టబడియుండెను. తల్లిని ఆదుకొనుటకు దిగిరాలేదు. అయినను ఆమెకు ఒక మనుష్యుని అప్పగించెను; ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన యింట చేర్చుకొనెను. మీరు రాలేనప్పుడు మనుష్యుని ఏర్పరచుడి. సంఘమున్నది అందుకొరకే.

కాబట్టి ఈ నెలనుండి మన సంఘ పెద్దలు, స్త్రీల సమాజమువారు, పడకనున్నవారి పేర్లు వ్రాసికొని వారమునకొక మారు దర్శింతురు. పట్నములోనున్న మన పెద్దలను చూచుట నా వంతు. రెండవ మారు నేను గచ్చిబౌలికి పోయినప్పుడు అవ్వ ఫోనును ప్రక్కన పెట్టి, "అది ఉండనీయి అయ్యగారూ, గోలీలు యాదిజేస్తది. మీరు కూసోండి" అనెను.

మనము కూర్చుండవలెను. ఆ పని మనకే విడువబడియున్నది. ఆలాగు చేయుటకు ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.