ఆకాశాయుధాలు – సాధ్యాసాధ్యాల ప్రశ్న

శంషాబాదు విమానాశ్రయం నుంచి పహాడీ షరీఫ్ మీదుగా హైదరాబాదు పోయే రోడ్డు మీద ఒక వైపు గుట్టపైన దర్గా కనిపిస్తుంది. ఆ దాపునే రిసెర్చి సెంటర్ ఇమారత్ ఉన్నది. క్షిపణులకు దారి చూపించే పరికరాలు తయారయ్యేది అక్కడే. మా కాలేజీ విద్యార్థులు చాలామంది ఈ దారినే బస్సులో వస్తూ పోతూ ఉంటారు. గోడ లోపల జరిగేదాన్ని గురించి వాళ్ళకు తెలిసినదీ నాకు తెలిసినదీ ఒకటే: పత్రికల్లో వచ్చినంత.

ఈ మధ్య తరగతిలో త్రిపురసంహారం కథ చెప్పవలసి వచ్చింది. మహాభారతం కర్ణపర్వంలో శల్యుణ్ణి కర్ణుడికి సారథిగా ఒప్పించటానికి దుర్యోధనుడు చెప్పే కథ అది. బంగారం, వెండి, ఇనుము – ఈ మూడింటితో కట్టిన మూడు పురాలు, వాటిని ఒకే బాణంతో కాల్చిన శివుడు. కథ అయిపోగానే బి.యస్సీ. విద్యార్థి ఒకడు లేచి, "సార్, సినిమాల్లో చూపిస్తారు గదా, ఒక్క దెబ్బతో గ్రహాన్నే పేల్చేసే ఆయుధం. అలాంటిది నిజంగా చెయ్యొచ్చా?" అని అడిగాడు. నాకు తెలిసినంతలో సాధ్యం కాదన్నాను. "అయితే భయం లేదన్నమాట" అని కూర్చున్నాడు. అతని ముఖంలో నిజంగానే బరువు దిగినట్లు కనిపించింది. అతడు విమానాశ్రయం పక్కన ఉన్న ఒక కర్మాగారంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడని తరువాత తెలిసింది. రాకెట్లకూ, క్షిపణులకూ విడిభాగాలు చేసే కర్మాగారం అది.

ఆ నిశ్చింత నాకు నచ్చలేదు. నేను చెప్పిన మాట తప్పు కాదు. తప్పు కాని మాట నుంచి అతడు తప్పు ఫలితం తీశాడు. ఒక ఆయుధం అసాధ్యమైతే దాని దారిలో నడిచేవాళ్ళకు బాధ్యత లేకుండా పోతుందా?

ముందు సాధ్యాసాధ్యాల సంగతి తేల్చుకోవాలి. నీతి పేరు చెప్పి లెక్కలు తప్పించుకోవటం మనకు మంచి అలవాటు కాదు. భూమి అంత గ్రహాన్ని బద్దలు చేసి, ఆ ముక్కలు మళ్ళీ ఒకచోట చేరకుండా విరజిమ్మాలంటే కావలసిన శక్తి, సూర్యుడు దాదాపు ఒక వారం పాటు నలుదిక్కులా వెదజల్లే మొత్తం శక్తికి సమానం. ఆ శక్తిని ఒక యంత్రంలో కూడగట్టే ఉపాయం ఏ శాస్త్రంలోనూ లేదు.

సరే, గ్రహాన్ని వదిలి, వంద కోట్ల వాట్ల లేజరును కక్ష్యలో పెట్టామనుకుందాం. పెట్టిన శక్తిలో మూడో వంతు వెలుగుగా మారినా గొప్పే. మిగతా రెండు వంతులు, అంటే రెండు వందల కోట్ల వాట్లు, వేడిగా మిగులుతాయి. నేల మీద ఆ వేడిని గాలీ నీరూ మోసుకుపోతాయి. ఆకాశంలో ఆ రెండూ లేవు గనక పెద్ద పెద్ద పలకలు పరచి, వాటి రెండు ముఖాల నుంచీ కిరణాల రూపంలో వదిలించుకోవటం తప్ప దారి లేదు. పలక మన గది అంత వేడిగా ఉంటే, ఆ లేజరు ఎడతెరిపి లేకుండా పనిచెయ్యటానికి సుమారు 540 ఎకరాల పలక కావాలి. శంషాబాదు విమానాశ్రయం మొత్తం విస్తీర్ణం సుమారు 5,500 ఎకరాలు. అందులో పదో వంతును రేకుగా సాగగొట్టి ఆకాశంలో పరచాలన్నమాట. చదరపు మీటరుకు 5 కిలోలే తూగుతుందనుకున్నా బరువు 10 వేల టన్నులు దాటుతుంది. మన దేశపు రాకెట్లలో బలమైన ఎల్.వి.యం.-3 దిగువ కక్ష్యకు మోసేది సుమారు 8 టన్నులు. 1,300 సార్లకు పైగా ఎగరాలి. పలకను ఇంకా వేడిగా ఉంచితే విస్తీర్ణం తగ్గే మాట నిజమే, కాని లేజరు పనిముట్లు ఆ వేడికి ఓర్వవు.

టంగ్‌స్టన్ స్తంభాలను ఆకాశం నుంచి నేల మీదికి వదలాలనే ఊహ ఒకటి ఉన్నది. ఆరు మీటర్ల పొడవు, అడుగు మందం గల స్తంభం 8 టన్నులు తూగుతుంది, అంటే ఒక రాకెట్టు మోసే బరువంతా అదే. అది ధ్వనికి పది రెట్ల వేగంతో నేలను తాకినా పదకొండు, పన్నెండు టన్నుల మందుగుండు చేసే పనే చేస్తుంది. అంతమాత్రానికి అంత శ్రమ ఎందుకు?

పురాణకవికి ఈ లెక్క ఒక విధంగా తెలుసుననిపిస్తుంది. త్రిపురాలను కొట్టటానికి శివుడికి భూమి రథం కావలసివచ్చింది, మేరువు విల్లు కావలసివచ్చింది, విష్ణువు బాణం కావలసివచ్చాడు. ప్రపంచం మొత్తాన్ని ఆయుధంగా మారిస్తేనే ఆ దెబ్బ సాధ్యమయింది. మన పూర్వులకు ఇవన్నీ ముందే ఉన్నాయని చంకలు కొట్టుకునేవాళ్ళు కథలోని ఈ భాగం మటుకు చదవరు.

కాబట్టి మహాయుధం కల్ల. అయితే, కల్ల గనక నిరపాయం అనటానికి చరిత్ర ఒప్పుకోదు. 1983 మార్చి 23న అమెరికా అధ్యక్షుడు రీగన్ అణుక్షిపణులను దారిలోనే కూల్చే రక్షణకవచం నిర్మిస్తామని ప్రకటించాడు. దానికి "స్టార్ వార్స్" అని సినిమా పేరే స్థిరపడిపోయింది. 1987లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుల సంఘం ఆ కిరణాయుధాలను పరిశీలించి, అవి పని చేస్తాయో లేదో తేల్చుకోవటానికే పది సంవత్సరాలో అంతకంటె ఎక్కువో పరిశోధన కావాలని చెప్పింది. 1993లో ఆ పథకం ఆ పేరుతో ముగిసింది, కవచం ఏర్పడలేదు. ఈ నడుమ 1986 అక్టోబరులో రెక్యావిక్‌లో రీగన్, గోర్బచేవ్ కూర్చుని, అణ్వాయుధాలను పూర్తిగా రద్దు చేసే మాట దాకా వచ్చారు. ఆ చర్చలు ఎక్కడ విరిగాయి? ఈ కవచం మీద పరిశోధనను ప్రయోగశాలకు పరిమితం చెయ్యాలా వద్దా అన్న చోట. పుట్టని ఆయుధం కోసం, ఉన్న ఆయుధాల రద్దు ఆగిపోయింది. ఇంతకంటె నిజమైన ఫలితం ఏ ఆయుధానికి ఉంటుంది?

ఇక్కడ మన వైపు సంగతి కూడా చెప్పుకోవాలి. 1957లో స్పుత్నిక్ ఎగిరినప్పుడు మన కవులు పరవశించారు, పరవశించటం న్యాయమే. కాని 1968 నుంచి సోవియట్ యూనియన్ ఉపగ్రహాలను పేల్చే ఉపగ్రహాలను పరీక్షిస్తూ వచ్చింది. 1974లో ఎగిరిన సల్యూట్-3 మీద తుపాకి అమర్చింది. 1987 మే 15న సుమారు 80 టన్నుల "స్కిఫ్" అనే లేజరు యుద్ధనౌక నమూనాను ఎనర్జియా రాకెట్టు మీద పంపింది. అందులో లేజరు లేదు. అదైనా తిరగవలసినదానికంటె ఎక్కువ తిరిగి, కక్ష్య చేరక పసిఫిక్ సముద్రంలో పడింది. కథల్లోని మహాయుధానికి మనిషి అంత దగ్గరగా వెళ్ళిన సందర్భం బహుశా మరొకటి లేదు. దీన్ని గురించి మనవాళ్ళు రాసినది బహు తక్కువ. శత్రువు చేతిలో ఉంటేనే ఆయుధం ఆయుధమని మనమూ నమ్మాం.

ఇప్పుడు మన రోడ్డు మీదికి వద్దాం. 2019 మార్చి 27న ఒడిషా తీరంలోని అబ్దుల్ కలాం ద్వీపం నుంచి ఒక క్షిపణి లేచి, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న మైక్రోశాట్-ఆర్ అనే మన ఉపగ్రహాన్నే ఢీకొట్టి పగలగొట్టింది. "మిషన్ శక్తి" అని దానికి పేరు. హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాలల పని అందులో ప్రధానమైనది. పగిలిన ఉపగ్రహాన్ని అంతకు రెండు నెలల ముందు, జనవరి 24న, శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. పైకి తీసుకుపోయింది. వాతావరణం, పంటలు, చేపల వేట కోసం పనిచేసే ఉపగ్రహాలను మోసే రాకెట్టే అది. ఆ క్షిపణిలో పేలుడు మందు కూడా అవసరం లేదు. సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా పరుగెత్తే వస్తువుకు ఎదురుగా ఇంకొక వస్తువును నిలబెడితే చాలు.

అసలు కీలకం ఇక్కడ ఉన్నది. ఆకాశంలో నిర్మించటం మహా కష్టం, పగలగొట్టటం మటుకు సులభం. మహాయుధం కోసం 540 ఎకరాల పలక కావాలి. ఉపగ్రహాన్ని ముక్కలు చెయ్యటానికి ఒక్క క్షిపణి చాలు. ఆ ముక్కలు మళ్ళీ తమంతట తామే తూటాలవుతాయి. 2007 జనవరిలో చైనా 850 కిలోమీటర్లకు పై ఎత్తున తన ఉపగ్రహాన్ని పేలిస్తే మూడు వేలకు మించి లెక్కకు వచ్చే ముక్కలు పుట్టాయి. 2021 నవంబరులో రష్యా పేల్చినప్పుడు 1,500కు పైగా ముక్కలు లేచి, అంతరిక్ష కేంద్రంలోని మనుషులు – వాళ్ళలో రష్యన్లూ ఉన్నారు – తమ నౌకల్లో దాక్కోవలసివచ్చింది. మనవాళ్ళు తక్కువ ఎత్తు ఎంచుకున్నారు, జాగ్రత్తపడ్డారు. అది ఒప్పుకోవాలి. అయినా కొన్ని ముక్కలు అంతరిక్ష కేంద్రం కంటె పైకి ఎగిరాయి, వారాల్లో రాలిపోతాయన్నవాటిలో కొన్ని ఏడాది దాటినా తిరుగుతూనే ఉన్నాయి.

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి పరీక్షాక్షేత్రంలో 30 కిలోవాట్ల లేజరుతో డ్రోన్లను కూల్చారు. ఆ లేజరు కూడా హైదరాబాదు ప్రయోగశాలదే. ఆ సందర్భంలో అధికారుల నోటి నుంచి మళ్ళీ "స్టార్ వార్స్" మాటే వచ్చింది. నేను పైన లెక్క కట్టిన లేజరులో ఇది ముప్పై వేలో వంతుకు కూడా రాదు. అయినా ఆ సినిమా పేరు ఎందుకు? మహాయుధం మీద జనానికి ఉన్న మోజును చిన్న ఆయుధం వాడుకుంటుంది. పెద్దదాన్ని చూసి, "ఇది జరిగే పని కాదులే" అని నవ్వుకున్న మనిషే చిన్నదాన్ని చూసి, "ఇంతే గదా" అంటాడు. ఈ రెండు మాటల నడుమ నుంచి పని జరిగిపోతుంది.

"చైనా చేసింది గదా, మనం చేతులు ముడుచుకు కూర్చోవాలా?" అని అడిగేవాళ్ళున్నారు. ఇది కొట్టిపారెయ్యవలసిన ప్రశ్న కాదు. ఉపగ్రహాలు లేకపోతే మన తుపాను హెచ్చరికలు లేవు, బాంకులు లేవు, ఫోనులు లేవు. వాటిని కాపాడుకోవాలనటం యుద్ధోన్మాదం కాదు. కాని ఎదుటివాడి ఉపగ్రహాన్ని పగలగొట్టే శక్తి మన ఉపగ్రహాన్ని ఏ విధంగా కాపాడుతుంది? భయపెట్టి కాపాడుతుందంటారు. ఆ భయం నిజం కావాలంటే ఏదో ఒకనాడు పగలగొట్టటానికి సిద్ధపడాలి. ఆనాడు పోయేది ఇద్దరి ఆకాశమూను. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం కక్ష్యలో అణ్వాయుధాలను నిషేధించింది గాని, ఇటువంటి క్షిపణుల జోలికి పోలేదు. 2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో ఉపగ్రహాలను ధ్వంసం చేసే పరీక్షలు ఆపాలన్న తీర్మానానికి 155 దేశాలు చెయ్యెత్తాయి. మన దేశం తటస్థంగా ఉండిపోయింది. ఆ తటస్థతను గురించి మన కాలేజీల్లో ఒక్క చర్చ జరిగినట్లు నేను వినలేదు.

ఇక ఆ విద్యార్థి సంగతి. శాంతికి పనికివచ్చే బోల్టు వేరు, యుద్ధానికి పనికివచ్చే బోల్టు వేరు అని నేను చెప్పగలిగితే ఎంతో సుఖంగా ఉండేది. అలా వేరుగా లేవు. పగిలిన ఉపగ్రహాన్ని మోసినది పంటల రాకెట్టేనని ఇంతకు ముందే చూశాం. వస్తువులో లేని గీతను వస్తువులో వెతకటం వట్టి పని. ఆ గీత, దేనికి వాడాలో నిర్ణయించే చోట ఉన్నది. ఆ చోట బోల్టు చేసినవాడు లేడు, బోల్టు ఖరీదు కట్టే జనమూ లేరు. మిషన్ శక్తి సంగతి జనానికి తెలిసినది జరిగిపోయిన తరువాత, ప్రధానమంత్రి ప్రసంగంలో.

"సాధ్యం కాదు గనక నాకు పాపం లేదు" అన్న మాట ఒకటి, "సాధ్యం గనక ఎవడో ఒకడు చేస్తాడు, నేను చేస్తే ఏం?" అన్న మాట ఒకటి. రెండూ వ్యతిరేకంగా కనిపిస్తాయి గాని రెండింటి పనీ ఒకటే: మనిషిని లెక్కలోంచి తీసెయ్యటం. అశ్వత్థామ అస్త్రం వెయ్యగలిగాడు, ఉపసంహరించలేకపోయాడు. అర్జునుడికి రెండూ తెలుసు. ఆ కథలో సాధ్యాసాధ్యాల ప్రశ్న వెయ్యటాన్ని గురించి కాదు, వెనక్కు తీసుకోవటాన్ని గురించి.

ఇదంతా అతనితో కాలేజీ ఎదుటి టీ కొట్టు దగ్గర చెప్పాను. నెలనెలా జీతం తీసుకునే నేను, ఉద్యోగంలో చేరవద్దని అతనికి చెప్పలేను, చెప్పలేదు. చేసే వస్తువు ఎక్కడికి పోతుందో అడగమని మటుకు చెప్పాను. "అడిగితే ఉద్యోగం ఇస్తారా సార్?" అన్నాడు. నాకు తెలియదన్నాను. ఇంటర్వ్యూకు పోయి వచ్చాడు. అడిగాడట. అది ఈ విభాగానికి సంబంధించిన ప్రశ్న కాదని అన్నారట. వచ్చే నెలలో చేరుతున్నాడు.