విషం బయటి నుంచే వస్తుందా?

మన నెల్లూరు తీరంలో, మైపాడు, కృష్ణపట్నం వైపు రొయ్యల గుంతల్లో పనిచేసేవాళ్ళకి రొయ్య ముల్లు గుచ్చుకోవడం మామూలే. చెయ్యి కడుక్కుని మళ్ళీ పనిలో పడతారు. కానీ ఉప్పునీటిలో ఉండే విబ్రియో లాంటి బ్యాక్టీరియా ఆ చిన్న గాయంలోంచి రక్తంలోకి వెళ్తే, అరుదుగానైనా, ప్రాణం మీదకి వస్తుంది. 'రక్తం విషమైంది' అంటాం మనం. డాక్టర్లు సెప్టిసీమియా అంటారు.

ఇది గ్రీకు మాటల నుంచి వచ్చింది. 'సెప్సిస్' అంటే కుళ్ళడం, 'హైమా' అంటే రక్తం. మన మాట ప్రకారం చెడు బయటి నుంచి వచ్చింది. గ్రీకు మాట ప్రకారం లోపలే కుళ్ళింది. ఏది నిజం?

2016లో వైద్య నిపుణులు సెప్సిస్‌కి కొత్త నిర్వచనం ఇచ్చారు. ఇన్ఫెక్షన్ మీద శరీరం చేసే పోరాటం అదుపు తప్పి, సొంత అవయవాలనే దెబ్బతీసి ప్రాణాపాయం తేవడం. అంటే క్రిమి వచ్చింది బయటి నుంచే, కానీ కాపలా సైన్యమే ఊరిని తగలబెడుతోంది.

కోపం కూడా అంతే కదా? ఎవరో ఒక మాట అంటారు. తప్పు వాళ్ళదే కావచ్చు. దానికి బదులు చెప్పే ఊపులో మన ఇల్లు, మన నిద్ర మనమే పాడుచేసుకుంటాం. అందుకే హాలాహలం కథ నాకిష్టం. శివయ్య విషాన్ని మింగలేదు, కక్కలేదు, కంఠంలో ఆపాడు. సురుటుపల్లి పల్లికొండేశ్వరుడి గుడిలో, ఆ విషం తాగాక అమ్మవారి ఒడిలో పడుకున్న స్వామిని చూడొచ్చు.

అయితే ఈ పోలిక మన కోపం వరకే. జబ్బుపడ్డవాళ్ళని చూసి 'ఏ పాపం చేశారో' అనకండి. సెప్సిస్ అప్పుడే పుట్టిన బిడ్డకీ వస్తుంది, బాలింతకీ వస్తుంది. వాళ్ళేం చేశారు పాపం?

విషం కిందికి దిగకుండా అమ్మవారే స్వామి కంఠం పట్టుకుందని పెద్దలు చెప్తారు. పక్కనున్నవాళ్ళ ధర్మం అదే. గాయమైనా, ఇన్ఫెక్షనైనా, ఆ తర్వాత జ్వరం, వణుకు, ఆయాసం, మాట తడబడటం, మూత్రం తగ్గడం కనిపిస్తే పసరు కట్టు, దిష్టి అంటూ ఆగొద్దు. ప్రతి గంటా విలువైందే. ముందు ఆస్పత్రికి బయల్దేరండి, దండం దారిలో పెట్టుకోవచ్చు. స్వామి ఏమీ అనుకోడు.

ఓం నమః శివాయ.