చూచినవాని ధర్మము

సాక్షాత్తుగా చూచినవాడే సాక్షి యని పాణిని మహర్షి శాసించెను. చూచుట దైవవశమున కలుగును. చూచినదానిని చూచినట్లు చెప్పుట మాత్రము మన ధర్మము. ఈ ధర్మ మెంత సూక్ష్మమైనదో ఆకాశమున కొలదిసేపు వెలిగి ఆరిపోవు మహోల్క మనకు తెలుపును.

వరాహమిహిరాచార్యులు బృహత్సంహితయందు ఉల్కలను ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార యని ఐదు విధములుగా విభజించిరి. ఐరోపా ఖండమున మాత్రము మింటినుండి రాళ్లు పడుననుటను 18వ శతాబ్ది పండితులు పలువురు నమ్మకుండిరి. 1768లో ఫ్రాన్సుదేశమున లూసే గ్రామముకడ రాయి పడగా పొలములలోనివారు చూచిరి. లెవోయిజర్ మున్నగు విద్వాంసులు దానిని పరీక్షించి, అది పిడుగు సోకిన భూమిమీది రాయియే యని 1772లో తేల్చిరి. చూచినవారి మాట త్రోసివేయబడెను.

1803 ఏప్రిల్ 26న అదే దేశమున లేగల్ పట్టణ ప్రాంతమున పట్టపగలు మహోల్క మెరసి, ఉరుమువంటి ధ్వనులతో సుమారు 3,000 రాళ్లు కురిసెను. ప్రభుత్వము పంపగా బియో అను యువశాస్త్రజ్ఞుడు ఊరూర తిరిగి, భిన్నవృత్తులవారిని, ఒకరితో నొకరికి సంబంధము లేనివారిని విచారించెను. వారి మాట లేకమయ్యెను. దొరకిన రాళ్లు తోడయ్యెను. పండితలోకము అంగీకరింపక తప్పలేదు.

ఇది మన శాస్త్రమునకు క్రొత్త కాదు. వస్తువును సాక్షాత్కరించుకొని, ఉన్నదున్నట్లు చెప్పగోరువాడే ఆప్తుడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును సమానమే యని న్యాయభాష్యకారుడగు వాత్స్యాయనుడు చెప్పెను. కులము, విద్య, అధికారము అచట లెక్కకు రావు.

అయితే ఈ గౌరవముతోపాటు బాధ్యతయు వచ్చును. మహోల్కను చూచినవాడు తరచుగా 'మా తోట వెనుకనే పడినది' అనును. సాధారణముగా దాని వెలుగు పెక్కు కిలోమీటర్ల ఎత్తుననే ఆరిపోవును. వెలుగు కనబడుట ప్రత్యక్షము. తోటలో పడెననుట అనుమానము. రెంటిని కలిపి చెప్పుట సత్యమునకు మాలిన్యము. ఏ వేళకు, ఏ దిక్కునుండి ఏ దిక్కునకు, ఎంత ఎత్తున, ఎన్ని సెకండ్లు వెలిగెనో చెప్పవలెను. ధ్వని నిమిషమునకు సుమారు 20 కిలోమీటర్లే పయనించును గాన కొన్ని నిమిషములకు వినబడుట సహజము; మాట రక్తికట్టుటకై 'వెంటనే' అనరాదు. తెలియనిదానిని తెలియదనుటయు సాక్ష్యమే.

వేరువేరు చోట్ల నున్నవారి యిట్టి మాటలను కూర్చియే శాస్త్రజ్ఞులు ఉల్కామార్గమును గణింతురు. ఊహించి చెప్పిన దిక్కు ఆ గణితమును పెడదారి పట్టించును.

గీతాచార్యుడు సత్యవాక్యమును వాఙ్మయ తపస్సులో చేర్చెను. మింట వెలుగు ఆరిన పిదప అది చూచినవాని నాలుకపైననే నిలుచును. ఆ నాలుకను శుద్ధముగా నుంచుకొనుటయే ఆ తపస్సు.