అసలు సరుకేనా?

పాత సామాన్ల బజారులో రెండే ప్రశ్నలు వినపడతాయి. ఎంతకిస్తావు? ఒరిజినలేనా? మొదటిదాంట్లో బేరానికి చోటుంది. రెండోదాంట్లో లేదు. ఒరిజినల్ అంటే అమ్మేవాడి గొంతు లేస్తుంది, లోకల్ అంటే పడిపోతుంది. వస్తువు పనిచేస్తుందా లేదా అన్నది ఈ రెండు మాటల తర్వాత ఎప్పుడో వస్తుంది.

ఈ మాటని మనుషుల మీద కూడా వాడతారు. దూదేకుల ఇంట్లో పుట్టినవాణ్ణి, ఈ సంగతి నాకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, మీరు అసలు ముస్లింలేనా అని మనవాళ్లే అడుగుతారు. పేరు వినగానే, మీరు అసలు ఎక్కడివాళ్లు అని మిగతావాళ్లు అడుగుతారు. ఒకరికి మా మాట కల్తీ, ఇంకొకరికి మా పేరు కల్తీ. ఇద్దరికీ కావలసింది ఒరిజినల్ సరుకే. ఈ 'అసలు' అన్నదాని గురించి పెద్ద పుస్తకాల్లో దొరకని సమాధానం కొంత నాకు ఒక చిన్న లేత్ మిషను దగ్గర దొరికింది. అందుకని దాని గురించి రాస్తున్నాను.

మా బాబాయి టర్నరు. బాలానగర్‌లో చిన్న షెడ్డు. ఒక కాలేజీ ల్యాబువాళ్లు తుక్కు కింద తోలేసిన సామానులో ఈ మిషను ఆయన చేతికొచ్చింది. మైఫోర్డ్ ఎం.ఎల్.7. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ పక్కన బీస్టన్‌లో చేసేవాళ్లు. ఈ మోడల్ 1946 నాటిది. సెంటర్ ఎత్తు మూడున్నర అంగుళాలు. బల్ల మీద పెట్టుకునేంతది. సెలవురోజుల్లో పెరటి షెడ్డులో కూచుని చిన్న చిన్న ఆవిరి ఇంజన్లు చేసుకునే ఇంగ్లీషువాళ్లకి ఇదంటే ప్రాణం. మాకొచ్చినదానికి ప్రాణం ఒక్కటే తక్కువ. స్పిండిల్ బేరింగుల్లో ఊగుతోంది. హాఫ్ నట్లు అరిగి లీడ్‌స్క్రూని పట్టుకోవడం లేదు. చక్రాల సెట్టులో సగం లేవు. బెడ్ మీద కొట్టిన నంబరు మాత్రం చెక్కుచెదరలేదు. గుర్తింపు కార్డు ఉంది, మనిషి లేడు అన్నట్టు.

ఒరిజినల్ పార్టులు తెప్పిద్దామని నేను మొదలుపెట్టాను. అక్కడే మొదటి చిక్కు. బీస్టన్ కర్మాగారం 2011లో మూతపడింది. ఆ పేరుని ఇంకో కంపెనీ కొనుక్కుంది, ఆ పేరుతో విడిభాగాలు ఇప్పటికీ అమ్ముతున్నారు. మరి అవి ఒరిజినలా? పేరు అదే. చేసిన చేతులు వేరు, కప్పు వేరు. బాలానగర్‌లో చేసిన చక్రం నకిలీ ఎందుకైంది, పేరు కొనుక్కున్నవాడు చేసిన చక్రం అసలు ఎందుకైంది? డబ్బిచ్చి పేరు కొనుక్కుంటే అసలుతనం కూడా వెంట వస్తుందా? బాబాయిని అడిగితే నవ్వి, "పేరుతో త్రెడ్డు కొయ్యరు గదరా" అన్నాడు.

గ్రీకుల్లో ఒక పాత వాదం ఉంది. థీసియస్ అనే వీరుడి ఓడని ఏథెన్సువాళ్లు దాచుకున్నారట. పుచ్చిన చెక్కనల్లా తీసి కొత్త చెక్క వేస్తూ పోయారు. చివరికి పాత చెక్కలు మిగలకపోతే అది ఆ ఓడేనా, కాదా? ప్లూటార్క్ ఈ సంగతి రాశాడు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండుకి చెందిన హాబ్స్ దానికి ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత చెక్కల్ని ఎవడో దాచిపెట్టి, మళ్లీ అదే వరసలో బిగిస్తే, అప్పుడు ఏది అసలు ఓడ? హాబ్స్ ఊహించినవాణ్ణి చూడాలంటే గురువారంనాడు పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారుకి వెళ్తే చాలు. అక్కడ నేలమీద గోతం పరుచుకుని కూచునే ప్రతివాడూ ఆ పనే చేస్తున్నాడు. ఒక మిషనులోంచి పీకేసిన ముక్క ఇంకో మిషనులో బతుకుతుంది. మన దేశంలోనే మిళిందుడనే రాజుని నాగసేనుడు అడిగాడు: రథమంటే ఇరుసా, చక్రమా, కాడా? రాజు ఏదీ కాదన్నాడు.

ఈ వాదాలన్నిట్లో నాకు ఒక లోటు కనిపిస్తుంది. ఓడని, రథాన్ని పక్కన నిలబడి చూస్తున్నవాళ్ల ప్రశ్నలివి. పని చేయించుకునేవాడి ప్రశ్న వేరు. బాబాయి నోట ఒరిజినల్ అన్న మాట నేను వినలేదు. ఆయన అడిగేది ఒకటే: సీదాగా కోస్తోందా? స్పిండిల్ తిరిగే గీతా, బెడ్ పోయే గీతా ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా? ఒక కడ్డీని చక్‌లో పట్టి రెండు చోట్ల పలచగా కోత పెట్టి, మైక్రోమీటరుతో కొలుస్తాడు. రెండుచోట్లా ఒకే కొలత వస్తే అది లేత్. రాకపోతే ఇనుము. ముక్కలన్నీ బీస్టన్‌వే అయినా సరే.

మొదటిసారి కొలిస్తే రెండు కొలతలు కలవలేదు. బెడ్ అరిగిందన్నారు, గ్రైండింగ్‌కి పంపమన్నారు. బాబాయి ముందు కాళ్లకిందున్న బోల్టులు వదులు చేశాడు. బల్ల వంకరగా ఉంది. వంకర బల్లకి గట్టిగా బిగిస్తే దుక్క ఇనుప బెడ్ కూడా మెలి తిరుగుతుంది. కాళ్ల కింద పలచటి రేకులు పెట్టి, లెవెల్ చూసి మళ్లీ బిగిస్తే తేడా చాలావరకు పోయింది. తప్పు బల్లది, నింద బెడ్‌ది. ఇలాంటి బల్లలకి బిగించి, మెలి తిరిగారని మనుషుల్ని గ్రైండింగ్‌కి పంపమనేవాళ్లని నేను చాలామందిని చూశాను.

బేరింగుల సంగతి ఇంకా బాగుంది. ఎం.ఎల్.7 స్పిండిల్ వైట్‌మెటల్ బేరింగుల్లో తిరుగుతుంది. అది మెత్తటి లోహం, కావాలనే మెత్తగా పెట్టారు. స్పిండిల్ అరక్కుండా తాను అరగడానికి. అరిగేకొద్దీ బిగించుకోవడానికి టోపీ కింద పొరలు పొరలుగా అతికించిన షిమ్ ఉంటుంది. బ్లేడుతో ఒక పొర ఒలిచేసి మళ్లీ బిగిస్తే ఊగు పోతుంది. అంటే మార్పు అనేది ఈ మిషనుకి బయటినుంచి వచ్చిన రోగం కాదు. చేసినవాడే మార్పుకి జాగా పెట్టి చేశాడు. మాకు దొరికినదానికి ఎవరో అప్పటికే కొన్ని పొరలు ఒలిచారు. ఎవరో తెలీదు. ఎవరో ల్యాబు అసిస్టెంటు అయివుంటాడు. పేరు రాసిపెట్టుకోని పని.

అలాగని ఏ మార్పయినా ఒకటే అని నేననను. బెడ్‌ని గ్రైండ్ చేయిస్తే కొత్తదానిలా మెరుస్తుంది. దాంతోపాటు చక్ పక్కన అరుగుదల పోతుంది. లేత్ ఎప్పుడూ చక్ దగ్గరే ఎక్కువ అరుగుతుంది. పని జరిగేది అక్కడ గనక. అక్కడ శాడిల్ ఊగుతోందని బిగిస్తే, అరగని చివరకి పోయేసరికి పట్టేస్తుంది. ఎంత బిగించాలో, ఎంత వదలాలో చేతికి తెలియాలి. ఆ గుంట ఒక లోపమే. కానీ ఏళ్ల తరబడి ఎందరో పిల్లలు పని నేర్చుకున్న గుర్తు కూడా అదే. పని ఆగకపోతే దాన్ని చెరపడమెందుకని బాబాయి వదిలేశాడు. నాకూ అదే న్యాయమనిపించింది.

మనలోనూ గ్రైండింగ్ పార్టీ ఒకటుంది. పీర్ల పండగ అసలు కాదు, దర్గా అసలు కాదు, తెలుగు పేర్లు అసలు కాదు, ఇవన్నీ మధ్యలో అంటుకున్న మురికి, గోకేస్తే అసలు సరుకు బయటపడుతుందంటారు. అవతలివైపు పార్టీ కూడా అదే రాయి తిప్పుతుంది. వాళ్లు గోకమనేది వేరే చోట, అంతే. గోకగా గోకగా మిగిలేది ఏమిటని ఇద్దరూ చెప్పరు. బెడ్‌ని కూడా ఎన్నిసార్లయినా గ్రైండ్ చెయ్యలేం. ప్రతిసారీ కాస్త ఇనుము పోతుంది, శాడిల్ కాస్త కిందికి దిగుతుంది, లీడ్‌స్క్రూతో పొత్తు చెడుతుంది.

హాఫ్ నట్లు గన్‌మెటల్‌తో ఇక్కడే చేశాం. ఇక చక్రాలు. ఎం.ఎల్.7 అంగుళాల మిషను. లీడ్‌స్క్రూకి అంగుళానికి ఎనిమిది మరలు. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్‌లోకి మారింది, ఇవాళ మాకొచ్చే పనంతా మిల్లీమీటర్లలోనే. అంగుళాల మిషను మిల్లీమీటర్ మరని కచ్చితంగా కొయ్యగలదా? కొయ్యగలదు. 127 పళ్ల చక్రం ఉంటే చాలు. అంగుళంలో ఎనిమిదో వంతు 3.175 మిల్లీమీటర్లు, అంటే 127ని 40తో భాగిస్తే వచ్చేది. నలభై పళ్లది తిప్పి నూట ఇరవయ్యేడు పళ్లది తిరిగితే మరకి మర సరిగ్గా ఒక మిల్లీమీటరు. ఎక్కడా చిటికెడు తేడా రాదు. 127 ప్రధాన సంఖ్య, దాన్ని చిన్న చక్రాలుగా విడగొట్టి మోసం చెయ్యలేం.

దాన్ని చెయ్యడం కష్టమే. డివైడింగ్ హెడ్ మీద మామూలు ప్లేట్లతో 127 భాగాలు రావు, డిఫరెన్షియల్ ఇండెక్సింగ్ కట్టాలి. కట్టరు ఇంకో తలనొప్పి. పాత చక్రాల పళ్లు 20 డి.పి. లెక్కవి, అంటే 1.27 మాడ్యూల్. బజారులో సులువుగా దొరికేది 1.25. చూడ్డానికి ఒకటే, దాంతో కానిచ్చెయ్యమన్నారు. బాబాయి ఒప్పుకోలేదు. కొత్తది లోకల్‌దే కానీ, పాతవాటితో పన్ను కలవకపోతే రెండూ అరిగిపోతాయి అన్నాడు. సరైన కట్టరు దొరికేదాకా ఆగాం.

ఆ చక్రం బిగించాక మిషను అంగుళాలు మరిచిపోలేదు. కడుపులో లీడ్‌స్క్రూ అదే, ఎనిమిది మరలదే. బయటికొచ్చేది మాత్రం మిల్లీమీటరు మర, ఎవరి గేజి పెట్టినా పాసయ్యేది. రెండిట్లో ఏది అబద్ధం? ఒక్క నియమం ఉంది. అంగుళాల లీడ్‌స్క్రూతో మెట్రిక్ మర కోసేటప్పుడు మధ్యలో హాఫ్ నట్ వదలకూడదు. వదిలితే మళ్లీ అదే గాడిలో పడడం కుదరదు. అందుకని ప్రతి కోతకీ మిషనుని వెనక్కి తిప్పి మొదటికి రావాలి. టైము పడుతుంది. అంగుళాల మరలు కోసేవాడికి ఈ బాధ లేదు. ఇంట్లో ఒక భాష, మసీదులో ఒకటి, బడిలో ఒకటి తిప్పుకుంటూ పెరిగినవాళ్లకి ఈ అదనపు చాకిరీ ఏమిటో తెలుసు. మా పని నిదానంగా సాగితే చేతకాదంటారు గానీ, వెనక్కి తిప్పాల్సిన చుట్లు ఎవరూ లెక్కపెట్టరు.

మిషను నడుస్తోందని తెలిసి ఒకాయన చూడ్డానికి వచ్చాడు. నంబరు చూశాడు, పేరు పలక చూశాడు, ముచ్చటపడ్డాడు. అంతా ఒరిజినలేనా అని అడిగాడు. బాబాయి ఒక కాగితం తీసి వరసగా రాసిచ్చాడు. బెడ్, స్పిండిల్, లీడ్‌స్క్రూ బీస్టన్‌వి. బేరింగులు బీస్టన్‌వే, షిమ్ పొరలు ఒలిచినవి. హాఫ్ నట్లు, మూడు చక్రాలు బాలానగర్‌వి. ఆయన కాగితం మడిచి, ఈ ఆఖరి లైను లేకపోతే ఇంకో పదివేలు ఎక్కువిస్తానన్నాడు. బాబాయి కాగితం వెనక్కి తీసుకున్నాడు. లైను కొట్టెయ్యలేదు. మిషను అమ్మలేదు. ప్రస్తుతం దాని మీద కుట్టుమిషన్లవాళ్లకి స్క్రూలు కోస్తున్నాడు.